చెరువులో పార్కింగ్

"ఈడ పెట్టేది బాగుండదండి," అన్నాడు చైతన్య, స్టీరింగ్ వదలకుండా.

"ఏం? నీడుండాది కదా," అంది సుష్మ.

"నీడుండాది. చెరువు గూడా ఉండాది."

సుష్మ కారు అద్దంలోంచి బయటికి చూసింది. ఎదురుగా కానగ చెట్టు. దాని చుట్టూ నలభై యాభై మోటారు సైకిళ్లు, నాలుగు ఆటోలు, ఒక మిరపకాయ బజ్జీల బండి. ఆ పక్కన పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లకవతల కంపచెట్లలో ఎవరివో మేకలు. కంటికి ఆనినంత మేరా పగుళ్లిచ్చిన నల్లమట్టి.

"యాడుండాది చెరువు? నాకు చూపీండి."

"మనమున్నేదే చెరువు."

"నేను మూడేండ్ల పిల్లప్పుడు నిండిందంట. అప్పట్నుంచీ జాతరకు బండ్లు పెట్టేదీ ఈడే, సర్కస్ వచ్చినా ఈడే, మా నాయన ఎలక్షన్ మీటింగూ ఈడే. ఇంతమంది పెట్టినారు. మీ ఒక్కరికే కనపడిందా చెరువు?"

"మరి ఈ పొద్దు మనం ఏం చూసేకి వచ్చినామండి?"

"చెర్లోకి నీళ్లొచ్చేది చూసేకి."

"ఆ నీళ్లు యాడికొస్తాయి?"

సుష్మ మళ్లీ అద్దంలోంచి బయటికి చూసింది. ఆమె ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే లెక్చరరు. తన లెక్క తప్పిందని తెలిసినా బోర్డు తుడిచే అలవాటు మాత్రం లేదు.

"వచ్చినప్పుడు చూద్దాంలే. పెట్టండి."

చైతన్య కానగ నీడలో కారు ఆపాడు. వెనక సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్న సుష్మ అవ్వ రామలక్ష్మమ్మ కళ్లు తెరవకుండానే చెప్పింది, "నాతో కట్టెక్కేకి కాదు, మోకాళ్లు పట్టేసినాయి. ఆ చల్లగాలి అట్లే ఆడనీప్పా. మీరు పోండి."

ఏసీ ఆడాలి కాబట్టి ఇంజను ఆపలేదు. తాళాలు కార్లోనే వదిలి ఇద్దరూ దిగారు.

నిజానికి అది పెళ్లిచూపులు. కానీ ఆ మాట ఎవరూ అనకూడదని రెండిళ్లవాళ్లూ ఫోన్లోనే ఒప్పందం చేసుకున్నారు. పై కాలువ నుంచి కొండంపల్లి చెరువుకు నీళ్లు వదిలారని, ఆదివారానికి చేరతాయని వాట్సాప్‌లో వచ్చింది. ఈ జిల్లాలో చెరువులోకి నీళ్లొస్తున్నాయంటే చాలు, చిత్రాన్నం కట్టుకుని చూడబోవడం వాడుక. "ఊరికే అట్లా నీళ్లు చూసొద్దాం రాండి," అని రాప్తాడు నుంచి సుష్మ నాయన దివాకర్ ఫోన్ చేశాడు. "మేమూ అట్లే అనుకుంటాండాం," అని కొత్తచెరువు నుంచి చైతన్య తల్లి మల్లీశ్వరి అంది. చైతన్య తండ్రి మాత్రం బోరు మోటారు కాలిందని రాలేదు.

ఇందాక కట్ట దగ్గర అవ్వ తప్ప అందరూ దిగాక దివాకర్ పథకం ప్రకారం గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నువ్వు బండి పెట్టి రా. సుష్మా, జాగా చూపీపో." అని చెప్పి పెద్దవాళ్లందరినీ గొర్రెల్ని తోలినట్టు కట్ట మీదికి తోలేశాడు. కారు కొని నాలుగు రోజులైంది. ముందు కట్టిన రిబ్బను కూడా విప్పలేదు. సొంత బామ్మర్దికి సైతం ఇవ్వని స్టీరింగు చైతన్యకు ఇచ్చాడంటే ఆ సంబంధం ఆయనకు ఎంత నచ్చిందో తెలుస్తూనే ఉంది.

సుష్మకు అది పదో సంబంధం. ముందు తొమ్మిదీ తనే వద్దంది. ఆ తొమ్మిదిమందీ ఆమె ఏమన్నా తలూపారు. ఒకాయన అరగంటలో పదకొండుసార్లు "మీరెట్లంటే అట్లే" అన్నాడు. సుష్మ లెక్కపెట్టింది. ఇప్పుడు నాయన తేల్చి చెప్పాడు, "ఇదీ వద్దంటే పదకొండోది నేను చూస్తా. నువ్వు చూసే పనే లేదు." ఆ పదకొండోది ఎవరో కూడా ఆమెకు తెలుసు. ఒక కాంట్రాక్టరు కొడుకు. ఫోటోలో కూడా తలూపుతున్నట్టే ఉంటాడు.

డ్రిప్ పైపులు అమ్ముకునే ఈ కొత్తచెరువు మనిషిని భోజనాల వేళకల్లా వద్దనేయాలని ఇంట్లో బయలుదేరినప్పుడే నిర్ణయించుకుంది. కాకపోతే కట్టెక్కుతుంటే ఒక చిక్కు తోచింది. ఈయన నోటి నుంచి వచ్చిన మొదటి మాటే 'వద్దు'.

కట్ట మీద తిరునాళ్లలాగా ఉంది. చాపలు, క్యారియర్లు, గొడుగులు. సుష్మ అమ్మ ఓళిగలు వడ్డించింది.

"ఎట్లుండాది ఓళిగ?" అని సుష్మ అడిగింది.

"బాగుండాది. ఏలక్కాయ కొంచెం ఎక్కువైంది."

చేసింది సుష్మే. "అవునా? అమ్మకు చెప్తాలెండి," అంది.

"మీ గోళ్లల్లో ఇంగా పూర్ణం ఉండాది," అన్నాడతను, నవ్వకుండా.

ఆమె గబుక్కున చేతిని కొంగు కింద దాచుకుంది. ఇద్దరూ కొంచెం దూరంగా రాతి గట్టు మీద కూర్చున్నారు. వెనక పెద్దవాళ్లు నీళ్ల గురించి గట్టిగా మాట్లాడుతూ వీళ్ల మాటలు వింటున్నారు.

"మీరు చుక్కలు అమ్ముతారంట కదా?"

"గంటకు నాలుగు లీటర్లు. రెండు లీటర్లదీ ఉండాది."

"మాట్లాడేదీ అంతేనా?"

"మీ పక్క నుంచి వరద వస్తాంటే నా చుక్కలు ఎవరికి కావాలండి?"

సుష్మకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. వెనక మాటలు ఠక్కున ఆగిపోయాయి. మల్లీశ్వరి సుష్మ అమ్మను మోచేత్తో పొడిచింది. సుష్మ వెంటనే ముఖం ముడుచుకుంది. ఇంకో అరగంటలో వద్దనాల్సిన మనిషి ముందు ఇలా నవ్వితే ఎలా?

అప్పుడే మేకల కాపరి బాలప్ప చెరువు అవతలి నుంచి తలగుడ్డ ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. "వచ్చె! వచ్చె! గంగమ్మ వచ్చెనప్పా!"

కట్ట మీది జనమంతా లేచి నిలబడ్డారు.

సుష్మ పెద్ద అలలాంటిదేదో వస్తుందనుకుంది. అలా రాలేదు. ఎర్రటి నాలుక ఒకటి కంపచెట్ల మధ్య నుంచి మెల్లగా జారుకుంటూ వచ్చింది. దాని ముందు నురగ, ఎండుటాకులు, పారిపోతున్న చీమలు. పగుళ్లలోకి దూరి, బుడబుడమని తాగి, మళ్లీ పైకొచ్చి కదిలింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత. ఒక ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లారు. నీళ్లు వికెట్ల దాకా వచ్చినా బ్యాటింగ్ చేస్తున్న పిల్లాడు, "ఓవర్ అయిపోనీండ్రా," అని కదల్లేదు.

దివాకర్ చేతిలో ఫోన్‌తో వీడియో తీస్తూ, "తల్లీ రా తల్లీ, రా తల్లీ," అని పిలుస్తున్నాడు.

చైతన్య మాత్రం కళ్లు చికిలించి ఏదో కొలుస్తున్నాడు. "ముప్పై మీటర్లు. నిమిషానికి రెండు మీటర్లు వస్తాంది. పదహైదు నిమిషాలు."

"దేనికి?"

"మీ కారుకు."

సుష్మ నాయన వైపు చూసింది. ఆయన ఇంకా, "రా తల్లీ రా," అని పిలుస్తూనే ఉన్నాడు.

ఇద్దరూ కట్ట దిగి పరిగెత్తారు. అప్పటికే మోటారు సైకిళ్లవాళ్లకూ బుద్ధొచ్చింది. నీళ్లు చూడ్డానికొచ్చి నీళ్లొచ్చే చోటే బండ్లు పెట్టామని అందరికీ ఒకేసారి తట్టింది. బజ్జీల బండాయన వేడి నూనె బాణలితో సహా బండిని నెట్టుకుపోతూ, "తప్పుకోండప్పా, కాల్తాది!" అని అరుస్తున్నాడు. ఆ తొక్కిసలాటలో కారు చేరేసరికి లెక్క తప్పి నీళ్లు వాళ్లకంటే ముందే చేరాయి.

అవ్వ అద్దం దించుకుని, చెయ్యి బయటపెట్టి నీళ్లకు దండం పెడుతోంది.

చైతన్య డ్రైవరు సీట్లో కూర్చుని గేరు మీద చెయ్యి వేశాడు.

"ఆపు ఇంజను!" అంది అవ్వ.

"అవ్వా, మునిగిపోతాది..."

"గంగమ్మ ఎదురొస్తే మొగాన పొగ కొడతావా? ఆపు! కొత్తనీళ్లకు పసుపు కుంకుమ ఇయ్యకుండా ఈ బండి కదల్దు."

ఇంజను ఆగింది. అవ్వ సంచిలోంచి టెంకాయ, జాకెట్ గుడ్డ, పసుపు పొట్లం తీసింది. "ఆలుమగలు కలిసి ఇయ్యల్ల. పట్టుకోండి ఇద్దరూ."

"అవ్వా, మేం ఆలుమగలు కాదు," అంది సుష్మ.

"ఇప్పుడు ఈ నీళ్లలో నేను యాడికి పోయి ఎతకల్ల ఆలుమగల్ని? పట్టుకో!"

మడమల దాకా నీళ్లలో ఇద్దరూ నిలబడ్డారు. జాకెట్ గుడ్డ మీద ఆమె చెయ్యి, దాని కింద అతని చెయ్యి. పాదాల కింద మట్టి మెత్తగా జారిపోతుంటే సుష్మ తూలి అతని మణికట్టు పట్టుకుంది. తర్వాత వదలొచ్చు. వదల్లేదు.

"చల్లగుండాయి నీళ్లు," అంది చిన్నగా.

"ఊఁ," అన్నాడతను. అతని చెవులు ఎర్రబడ్డాయి. గుడ్డ నీళ్ల మీద తేలుతూ పోతుంటే ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. కారు సంగతి కాసేపు ఎవరికీ గుర్తులేదు.

"టెంకాయ ఎవురు కొడతారప్పా?" అని అవ్వ కేకేసింది.

రాళ్లన్నీ నీళ్ల కిందున్నాయి. చైతన్య అటూ ఇటూ చూసి టెంకాయను కారు బంపరుకేసి కొట్టాడు. టెంకాయ పగిలింది. బంపరు సొట్టబోయింది.

కట్ట మీద వీడియో తీస్తున్న దివాకర్‌కు అప్పటికి కారు కనిపించింది. "నా బంపరూ!" అన్న కేక చెరువంతా వినిపించింది.

ఆ తర్వాత ఇంజను స్టార్టయింది గానీ చక్రాలు బురదలో గిర్రున తిరిగి నిలబడిపోయాయి. చైతన్య అవ్వను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. "మెల్లగప్పా. మా ఆయన గూడా ఎప్పుడూ ఎత్తుకోలే నన్ను," అని ఆమె మురిసిపోయింది. వెనక సుష్మ, పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, తలమీద అవ్వ సంచితో.

కట్ట దిగువన దివాకర్ ఎదురొచ్చాడు. ముఖం జేవురించింది. "ఎవురు పెట్టినారప్పా బండి చెర్లో?"

"స్టీరింగు నా చేతిలో ఉండె సార్," అన్నాడు చైతన్య, అవ్వను దించుతూ.

మల్లీశ్వరి కొడుకు చెయ్యి పట్టుకుంది. "కొత్త కారు. పెళ్లిచూపులకు వచ్చిన పొద్దే మునిగిపాయె. శకునం బాగలేదు. పా చైతన్యా, పోదాం."

అంతసేపూ ఎవరూ అనని మాట ఆమె నోటి నుంచే వచ్చేసింది. అందరూ గతుక్కుమన్నారు. దివాకర్ కారు వైపు చూశాడు. సగం చక్రం మునిగింది. "సరేమ్మా. మీ ఇష్టం," అన్నాడు నీరసంగా.

సుష్మ తలమీది సంచి సవరించుకుంది. పొద్దున తను కోరుకున్నది సరిగ్గా ఇదే. నోరు తెరవకుండానే సంబంధం తప్పిపోతోంది. అతను తల్లి వెంట నాలుగడుగులు వేశాడు కూడా. ఇప్పుడు ఊరుకుంటే రేపట్నుంచి తలూపే ఫోటో.

"నాయనా," అంది. "తొమ్మిదిమందిని నేను వద్దన్నా. ఈయన్ని వద్దంటాండేది మీరు. నేను కాదు."

"అంటే?"

"బండి ఆడ పెట్టద్దని ఈయన చెప్పినాడు. నేనే ఇనలేదు. తప్పు నాది."

సుష్మ అమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఇరవై ఏడేళ్లలో ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదలు.

"ఇంగొక తూరి చెప్పు, నాకు సరిగా ఇనపల్లే," అంది అవ్వ.

దివాకర్ చైతన్య వైపు తిరిగాడు. "వద్దని చెప్పినావా నువ్వు ఈమెకు?"

"చెప్పినా సార్. మళ్లీ మళ్లీ చెప్పినా."

"నీకు భయం కాలేదా?" దివాకర్ గొంతు తగ్గింది. "ముప్పై ఏండ్లుగా వాళ్లమ్మకు నేను ఒక్కసారి గూడా చెప్పలేకపోయినా కదప్పా."

"మరి శకునమో?" అంది మల్లీశ్వరి, అయినా వదలకుండా.

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం శకునమమ్మా? ఈ సీమలో నీళ్లొచ్చిన పొద్దుకంటే మంచి పొద్దు ఉంటాదా? కారు పోతే షోరూంలో ఇంగా ఉండాయి. నీళ్లు ఏ షోరూంలో ఉండాయో చెప్పు!"

మల్లీశ్వరి చెరువు వైపు చూసింది. ఆమెకూ రెండు ఎండిన బోర్లున్నాయి. "అదీ నిజమే," అని కొడుకు చెయ్యి వదిలింది. "మావోడు ఏమంటాడో మరి."

"ఆమె అవునన్నాక నేను కాదంటే ఇంటుందా అమ్మా?" అన్నాడు చైతన్య.

"అది జవాబు కాదు," అంది సుష్మ. "సరిగా చెప్పండి."

అతను ఆమెను చూశాడు. చీరంతా బురద, బుగ్గ మీద పసుపు, తలమీద సంచి ఇంకా అలాగే ఉంది. "ఇష్టమే," అన్నాడు. "చెరువు యాడుండాది చూపీండి అన్నారే, అప్పట్నుంచి."

ట్రాక్టరు వచ్చి కారును లాగేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు తెరిస్తే బకెట్టు నీళ్లు, ఒక కప్ప బయటపడ్డాయి. దివాకర్ రెండింటికీ దండం పెట్టాడు. దివాకర్ తప్ప అందరూ ట్రాక్టరు ట్రాలీ ఎక్కారు. సుష్మ, చైతన్య చివరి పలక మీద, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నారు. వెనక చెరువు ఎర్రగా మెరుస్తోంది.

"రేపు మీకు ఏం పని?" అంది సుష్మ.

"ఏం లే. చెరువు నిండుతాంటే డ్రిప్ ఎవరు కొంటారు?"

"అయితే పొద్దున్నే మళ్లీ వద్దాం. నీళ్లు యాడ దాకా ఎక్కినాయో చూద్దాం."

"దేంట్లో వద్దాం?"

సుష్మ ఎదురుగా తాడుకు కట్టి లాక్కొస్తున్న కారునూ, దాని పక్కనే దిగులుగా నడిచొస్తున్న నాయననూ చూసింది.

"బస్సులో," అంది. "టికెట్లు మీరే తీయండి. కిటికీ సీటు నాది."

"వద్దండి, కిటికీ సీటు నాకు కావాల," అన్నాడతను.

సుష్మ అతని భుజం మీద ఒకటి వేసి, తృప్తిగా ఇంకొంచెం దగ్గరికి జరిగింది.