ముప్పై అయిదు, ఇరవై

“నీ తమ్ముడు దొరికిపోయాడు. పన్నెండింటికి బాంబు పెట్టి ఓడతో సహా ముంచేస్తారు,” అన్నాడు చీఫ్, టీ చల్లారిందని చెప్పినట్టు.

ఏజెంట్ తొమ్మిది గడియారం చూశాడు. పదకొండు. గుండె ఝల్లుమనాలి. అనలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో అదీ అరిగిపోయింది.

తమ్ముడు వంటవాడి వేషంలో విదేశీ ముఠా ఓడ ఎక్కాడు. ఆఖరి వైర్‌లెస్ మెసేజ్‌లో రెండే సంఖ్యలు: ముప్పై అయిదు, ఇరవై. అక్షాంశం, రేఖాంశం. ఏ వైపో లేదు. వాళ్ల సెక్షన్ పనంతా ఉత్తరార్ధగోళంలో, తూర్పు పక్కనే. దిక్కులు రాయడం దండగని చీఫే ఎప్పుడో మాన్పించాడు.

ఆయన లెక్కన అది మధ్యధరా సముద్రం. ఏ తీరంలోనైనా మిత్రదళం హెలికాప్టర్‌ని లేపే కోడ్ ఒకటుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది.

డబుల్ ఏజెంట్ నెమలి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ముఠా ఆమెను కళ్లకు గంతలు కట్టి ఆ ఓడకి తీసుకెళ్లి, అక్కడ విప్పి, నిన్ననే మళ్లీ గంతలతో దింపింది. ఓడ లంగరేసి ఉందనీ, కాపలావాళ్లు ఉన్ని కోట్లలో వణుకుతున్నారనీ, ఒడ్డు కనబడిందనీ చెప్పింది. జులైలో కోట్లేమిటి, నడిసముద్రంలో ఒడ్డేమిటి, అంతా బూటకమని చీఫ్ కొట్టిపారేశాడు.

“చూసింది చెప్పాను. నమ్మకపోతే మీ ఖర్మ,” అంది నెమలి, లిప్‌స్టిక్ కెమెరా మూత బిగిస్తూ.

ఏజెంట్ తొమ్మిది, ఏడో తరగతిలో బడి మానేసి ఓడల్లో గిన్నెలు తోమినవాడు. జులైలో వేళ్లు కొంకర్లు పోయిన చోటొకటి గుర్తొచ్చింది.

“సార్, ఆఫ్రికా భూమధ్యరేఖకి రెండు పక్కలా ఉంది. మీరు పై అంచు చూస్తున్నారు. ఓడ కింది కొస దగ్గరుంది. అక్కడిప్పుడు చలికాలం. పడమరైతే ఒడ్డే కనబడదు.”

“నా తమ్ముడైతే హెలికాప్టర్‌ని ఉత్తరానికే పంపేవాణ్ణి.”

“మీ తమ్ముడు కాదు సార్.”

తొమ్మిదే కోడ్ నొక్కాడు. ముప్పై అయిదు దక్షిణం, ఇరవై తూర్పు.

పదకొండూ యాభై తొమ్మిదికి కమాండోలు ఓడ మీదికి దిగారు. బాంబు తీగ తెగేసరికి పదకొండు సెకన్లు మిగిలాయి.

“అన్నయ్యా, కాళ్లు గడ్డకట్టాయి,” అంది రేడియో.

“దిక్కెందుకు రాయలేదురా?”

“మన సెక్షన్‌లో ఎవరు రాస్తారు?”

ఏజెంట్ తొమ్మిది రేడియో కట్టేసి, సెలవు చీటీ రాశాడు. కారణం: తమ్ముడు బతికాడు.

అలాంటి కారణం రూల్సులో లేదని చీఫ్ తిప్పి పంపాడు. పోయుంటే మూడు రోజులు ఇచ్చేవాడట.