దర్జీల గల్లిలో పొగమంచు

"అవ్వా! సుమన వస్తున్నదంట! రేపే!"

నవత ఫోన్ చేతిలో పట్టుకునే అరుగు మీద ఒక్క గంతు వేసింది. ఆ గంతుకి భూమవ్వ ఒళ్ళోని చాట కదిలి, అందులోని తునికాకు ముక్కలు కిందికి జారాయి.

"మెల్లగ బిడ్డా! సుమన వస్తే నా ఆకులెందుకు ఎగురుడు?" అంది భూమవ్వ. బీడీకి దారం చుట్టడం ఆపకుండానే నవ్వింది. "ఈరవ్వ గూడ వస్తున్నదా?"

"ఇద్దరు వస్తుండ్రు. రేపు రాత్రి ఈడనే ఉంటరంట!"

అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్ళంతా ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. నవత ఒక్క మాటా వినలేదు. అప్పటికే డాబా మెట్లెక్కేస్తోంది. మబ్బుపేట సర్దాలి కదా!

మబ్బుపేట ఏ మ్యాపులోనూ ఉండదు. అది నిజామాబాద్‌లో, ఆ డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, ఒక పెద్ద అట్ట మీద ఉంది.

మేఘాల మీద కట్టిన ఊరు అది. అక్కడ వానను సీసాల్లో అమ్ముతారు. పొద్దున్నే పాలవాడి వెనకాలే ఎండవాడు వచ్చి, ఇంటింటికీ గిన్నెడు ఎండ పోసి పోతాడు. అందరికీ రెక్కలుంటాయి. కానీ పుట్టుకతో రావు, దర్జీ దగ్గర కుట్టించుకోవాలి.

డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదివే నాగేందర్ చిన్నాయన ఈ ఆట నేర్పాడు. ఒకరు ఊరి కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ ఊళ్ళో తమకి నచ్చిన మనుషులైపోతారు. "గోడ దూకుతా" అనో, "తలుపు తడతా" అనో చెప్పి పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అనుకున్నది జరిగినట్టే. చిన్న అంకె పడితే ఏం జరగాలో కథ చెప్పేవాళ్ళ ఇష్టం.

కథ చెప్పేది ఎప్పుడూ నవతే.

ఇక రెక్కలు కుట్టే దర్జీ పేరు గంగుబాయి. గంగుబాయి అంటే సుమనే! లేని కళ్ళద్దాలను ముక్కు మీదికి జార్చుకుని, "ఒంగు పిలగా, రెక్క కొలత తియ్యాలె" అని సుమన ముసలి గొంతుతో అంటే, నవతకి నవ్వీ నవ్వీ కడుపు నొప్పి వచ్చేది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో సుమన వాళ్ళ నాన్న బోధన్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేసే దుకాణం పెట్టాడు. మంచాలు, బిందెలు, బియ్యం డబ్బా అన్నీ ట్రాలీ ఆటో ఎక్కాయి. వాటితోపాటే సుమన, వాళ్ళ అవ్వ ఈరవ్వ కూడా వెళ్ళిపోయారు.

బోధన్ మరీ దూరమేం కాదు. బస్సెక్కితే కాసేపట్లో వచ్చేస్తుంది. కానీ బడి నుంచి రాగానే గోడ మీంచి "సుమనా!" అని పిలిస్తే వినపడేంత దగ్గర కూడా కాదు.

సుమన వెళ్ళిన మర్నాడే నవత మబ్బుపేటలో ఒక పని చేసింది. అట్ట మీద దర్జీల గల్లి ఉన్నచోట దూది పరిచింది.

"గల్లిని పొగమంచు కమ్మింది. లోపలున్నోళ్ళందరు నిద్రపోయిండ్రు. గంగుబాయి వచ్చేదాక ఎవ్వరు లోపలికి పోవద్దు," అని చెప్పింది.

"మరి నా రెక్క?" అన్నాడు రంజిత్.

రంజిత్ పక్కింటి అబ్బాయి, నవత క్లాసే. మబ్బుపేటలో అతను దశరథం అనే మొసలి. పేరుమోసిన పహిల్వాన్. ఒక కుస్తీలో దశరథం ఎడమ రెక్క చిరిగిపోయింది.

"ఆగు. సుమన వచ్చి కుడుతది."

"ఊరంత ఎగురుతుంది, నేనొక్కణ్ణే నడుస్తున్న. మబ్బుల కాళ్ళు దిగబడుతున్నయే!"

"నడిస్తే మొసళ్ళకు మంచిదే," అంది నవత.

బతుకమ్మ సెలవులు వచ్చాయి. దశరథం ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

ఫోన్ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం సుమన వచ్చింది. నవత గేటు దాకా పరుగెత్తి, అక్కడే ఆగిపోయింది.

"నీ జడలు ఏమాయెనే?"

"కట్ చేయించిన! మా బోధన్ల అందరం గిట్లనే చేయించుకున్నం. మంచిగ ఉందా?"

"మంచిగనే ఉంది," అంది నవత. కానీ 'మా బోధన్' అన్న మాట చేప ముల్లులా గొంతులో గుచ్చుకుంది.

సుమన అన్నం తింటూ మాట్లాడింది. చెయ్యి కడుక్కుంటూ కూడా మాట్లాడింది. కొత్త బడి, కొత్త దోస్తులు, చెరుకు లారీ వెనకాల పరుగెత్తి గడ గుంజుకున్న ముచ్చట. నవత "ఆ", "ఊ" అంటూ ఉంది. ఒక్కసారి ఆట మొదలైతే చాలు, పాత సుమన తిరిగి వచ్చేస్తుంది అనుకుంది.

రంజిత్ కూడా రాగానే ముగ్గురూ డాబా ఎక్కారు. నవత దూదిని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లేపింది.

"చూడు! నువ్వు పోయిన నాడు ఎట్లుందో గట్లనే ఉంది. సగం కుట్టిన రెక్క మిషన్ మీదనే ఉంది. సూదిల దారం గూడ తియ్యలే!"

సుమన కళ్ళు మెరిశాయి. వెంటనే లేని కళ్ళద్దాలు పెట్టుకుంది. "జరుగుండ్రి, జరుగుండ్రి! గంగుబాయి వచ్చింది! ముందుగాల రామ్‌దాస్ చాయ్ దుకాణానికి పోత. ఏమయ్యా రామ్‌దాసూ, నేను లేకుంటే గల్లి ఎట్లున్నది?"

నవత గొంతు బొంగురుగా మార్చి రామ్‌దాస్ అయింది. "నువ్వు యాడికి పోయినవ్ గంగుబాయీ? గిప్పుడే గద చాయ్ పోసిన. చల్లారుతది, తాగు."

రంజిత్ పకపకా నవ్వాడు. సుమన కూడా నవ్వింది, కొంచెం.

"నా దుకాణం ముంగట ఎవరన్న నా కోసం ఎదురు చూసిండ్రా?"

"లేదు. అందరు పండుకున్నరు గద."

"నా కిటికీ మీద రాళ్ళేసే పోరగాండ్లు?"

"వాళ్ళు గూడ నిద్రల్నే ఉన్నరు."

"ఒక్కలన్న నన్ను యాది చేసిండ్రా?"

నవతకి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "ఎట్ల చేస్తరే? నువ్వు పోయినట్టే వాళ్ళకు తెల్వది."

సుమన చేతిలోని పాచికను వెయ్యకుండానే అట్ట మీద పెట్టేసింది. కళ్ళద్దాలు తీసేసింది.

"అంటే, నేను లేకున్నా ఎవ్వలకు ఏం గాలే."

"నాకైంది!" అంది నవత. "రోజు యాది చేసిన. గందుకే మంచు గప్పిన, ఏది మారొద్దని."

"నీకైతే తెలుసు. గల్లోళ్ళకు తెల్వది గద." సుమన అట్ట మీది గల్లి వైపు చూసింది. "మా ఇంటెనక పాత షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లున్నయ్. ఫ్యాక్టరీ బందైనంక తాళాలేసి పోయిండ్రంట. ఒక కిటికీల నుంచి తొంగి చూసిన. గోడకు క్యాలెండర్ గట్లనే ఉంది. గోడ మేకుకు సంచి గూడ తగిలేసి ఉంది. గానీ నడింట్ల చెట్టు మొలిచిందే! నాకు ఏడుపొచ్చింది. గీ గల్లిని చూస్తే గదే యాదికొస్తుంది."

"నేను ఎప్పటిసంది చెప్తున్న," అన్నాడు రంజిత్. "నా రెక్క..."

"నువ్వు ఊకో!"

నవత చటుక్కున లేచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "తాగనీకి నీళ్ళు తెస్త," అని మెట్లు దిగింది.

సగం మెట్లలో ఆగిపోయింది. కింద అరుగు మీద నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

ఈరవ్వ ఆ నవ్వుల మధ్య కూర్చుని ఉంది. చుట్టమై వచ్చింది కాబట్టి ఒళ్ళో చాట లేదు. వెలుతురు బాగా పడే స్తంభం పక్క చోటు ఒకప్పుడు ఆమెదే. ఎన్నో ఏళ్ళు ఆమె అక్కడే కూర్చుని బీడీలు చుట్టింది. ఇప్పుడు అక్కడ పచ్చని పసుపుతాడుతో ఒక కొత్త పెళ్ళికూతురు కూర్చుంది.

"నా జాగల కూసున్నది ఎవలే?" అంది ఈరవ్వ.

"మన నర్సన్న కోడలు సవిత," అంది భూమవ్వ. "నేనే కూసోమన్న. చేతిల బీడీ ఉంటది, చూపు ఎప్పుడు గల్లి దిక్కే. పెనిమిటి బండి చప్పుడైతే చాలు, తంబాకంత కింద వోస్తది!"

అందరూ గొల్లుమన్నారు. సవిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఈరవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, నిన్ను గియ్యాల్నే చూస్తున్న, గానీ నువ్వు నాకు ఎప్పుడో తెలుసు. దారం తెగితే 'ఈరవ్వ ఉంటే దారాన్ని గూడ తిడుతుండె' అంటరు. వాన పడితే 'ఈరవ్వ ఉంటే కంకులు కాలుస్తుండె' అంటరు. నీ పేరు దియ్యకుంట వీళ్ళకు పొద్దుపోదు."

ఈరవ్వ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. ఆపైన సవిత దగ్గరికి జరిగి, ఆమె చాటలోంచి ఒక ఆకు తీసుకుంది.

"గిట్ల కాదు పిల్లా. కొస గిట్ల మడవాలె. చూడు."

నవత నీళ్ళ సంగతి మరిచిపోయింది. మెట్లన్నీ మళ్ళీ పరుగున ఎక్కింది.

సుమన, రంజిత్ అట్ట దగ్గరే కూర్చుని ఉన్నారు.

"నేను తప్పు చెప్పిన," అంది నవత రొప్పుతూ. "మంచు కమ్మలే. ఎవ్వరు పండుకోలే."

"మరి?" అంది సుమన.

నవత దూదిని గాలిలోకి ఊదేసింది. "గంగుబాయి పోయినంక రామ్‌దాస్ రోజు ఆమె కోసం ఒక చాయ్ పోసి పెట్టిండు. ఆమె రాకపాయె. పారబోయ మనసొప్పక తనే తాగిండు. తాగి తాగి లావైండు. గిప్పుడు రెక్కలు పడుతలేవు!"

సుమన పెదవుల చివర నవ్వు కదిలింది. "ఇంకా?"

 నవత రంజిత్ వైపు చూసింది. "నువ్వు చెప్పు. రాళ్ళేసే పోరగాండ్లు ఏం చేసిండ్రు?"

రంజిత్ నోరు తెరిచాడు. మబ్బుపేట కథ చెప్పమని నవత అతన్ని అడగడం అదే మొదటిసారి.

"వాళ్ళా? రాళ్ళేసుడు బంద్ చేసిండ్రు. తిట్టెటోళ్ళే లేకపోతే మజా ఏముంటది? రోజు దుకాణం ముంగట కూసోని, ఒకల్నొకలు గంగుబాయి లెక్క తిట్టుకుంటుండ్రు."

సుమన ఈసారి గట్టిగానే నవ్వింది. కళ్ళద్దాలు మళ్ళీ ముక్కు మీదికి వచ్చాయి. "మరి నా మిషన్ మీద ఎవలు కూసుంటుండ్రు?"

నవత అట్ట మీది చిన్న దుకాణాన్ని చూసింది. అక్కడ మిగిలిన దూది పోగును తీసేసింది.

"ఖాళీగ ఉంది. ఎవరన్న కూసోవాలె. నువ్వే చెప్పు, ఎవరు?"

"గీ మొసలి కూసుంటది," అంది గంగుబాయి.

"నేనా! పహిల్వాన్‌ను మిషన్ తొక్కుమంటవా?"

"కూసో పిలగా. దారం ఎక్కించుడు నేను చూపిస్త."

రంజిత్ పాచిక వేశాడు. మూడు పడింది. దశరథం తన రెక్కను తనే కుట్టుకున్నాడు, కానీ తలకిందులుగా. అన్నాళ్ళకి గాల్లోకి లేచాడు, అదీ వెనక్కి! వెనక్కి వెళ్ళి వెళ్ళి వాన దుకాణంలో పడ్డాడు. సీసాలన్నీ పగిలి, దర్జీల గల్లిలో కుండపోతగా వాన కురిసింది. ముగ్గురూ డాబా మీద పడి దొర్లారు.

నవ్వులు ఆగాక, సుమన వచ్చినప్పటి నుంచి అడగని మాట నవత అడిగింది.

"గంగుబాయీ, ఇన్ని రోజులు నువ్వున్న ఊరు ఎట్లుంటది?"

సుమన లేచి సరిగ్గా కూర్చుంది. "బోధన్ల నా దోస్తులతోటి గిదే ఆట ఆడుతున్న, కొత్త ఊరు కడుతున్న. ఇండ్లన్ని చెరుకు గడల మీదనే ఉంటయ్. గాలొస్తే ఊరంత ఊగుతది. ఎవలిల్లు ఎవలి పక్కకొస్తదో ఎవ్వలకు తెల్వది. ఇంక పేరు గూడ పెట్టలే."

"గాడ దుకాణం పెట్టినవా?"

"పెట్టిన. గానీ గిరాకి లేదు. గా ఊర్ల రెక్కలు ఉంటయని ఎవ్వలకు ఎర్కనే లేదు."

నవత లేచి నిలబడింది. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగింది.

"అవ్వా! రేపు పొద్దుగాల సుమనోళ్ళతోని నేను, రంజిత్ గూడ బోధన్ పోతం! ఈరవ్వా, సాయంత్రం మమ్ముల తిరుగు బస్సెక్కిస్తవా?"

"ఎక్కిస్త రా బిడ్డా!" అంది ఈరవ్వ.

"ఆడోళ్ళందరికి బస్సు ఫ్రీ, నేనొక్కణ్ణే టికెట్ కొనాలె," అని రంజిత్ వెనకాల నుంచి గొణిగాడు.

"ఏందే, ఆట ఈడ ఆడుతలేరా?" అని అరిచింది భూమవ్వ.

"రేపు ఆట నేను నడుపుతలేనవ్వా, సుమన నడుపుతది! గా ఊర్ల నేను కొత్తదాన్ని. ఏ గల్లి ఎటు పోతదో నాకేం తెల్వది!"