జన్నత్ బీ చెంబుడు నీళ్లు

ఒక ఫామ్ కోసం మనిషిని చంపుతారా?

చంపారు. కట్టంగూర్ దగ్గర హైవే మీద ప్రోగ్రామర్ ఏసోబు స్కూటర్‌ను లారీ గుద్దింది. అతని బ్యాగులోని ఫ్లాపీలు మాయం.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్, హైదరాబాద్‌లో తన గది తలుపు మూస్తూ. "నల్లగొండ జిల్లాలో ఏ బోరులో తీపి నీళ్లు, ఏ బోరులో ఫ్లోరైడ్ అన్నది కంప్యూటర్‌కెక్కిస్తున్నారు. ఆ వివరాలు టైప్ చేసే ఫామ్‌లు తయారుచేయడానికి ఒక ప్యాకేజీ కావాలి. ఏసోబు ఫాక్స్‌ప్రో చాలన్నాడు. వెర్నర్ అనే విదేశీయుడు ఫార్మోనిక్స్ ఇస్తానంటున్నాడు. ఊరికే."

"ఊరికే ఇచ్చేటోని మీదనే నాకు అనుమానం సార్."

"నాకూ అంతే. తీపి బోర్లున్న భూములన్నీ వాడి ముఠా ముందే కొనేస్తుందని సమాచారం. రేపు డెమో, ఎల్లుండి సంతకం. అక్కడ మన మనిషి ఉన్నారు. కోడ్, 'బావి నీళ్లెట్లున్నయి?' జవాబు, 'తాగినోనికే ఎరుక.'"

ఏజెంట్ తాజుద్దీన్‌ది మర్రిగూడ. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ వాళ్లమ్మ జన్నత్ బీ నడుము వంగిపోయింది, మెడ తిరగదు. తీపి బోర్లు వెర్నర్ చేతిలో పడితే ఆ ఊరికి మంచినీళ్ల పైపు ఇక రానట్టే.

మర్నాడు డేటా ఎంట్రీ ఆపరేటర్ వేషంలో, సోడాబుడ్డి కళ్లద్దాలతో జిల్లా ఆఫీసులో కూర్చున్నాడు. వాచీలో వైర్‌లెస్. డెమో ఇచ్చింది వెర్నర్ సెక్రటరీ జులేఖా. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, గదంతా సెంటు ఘుమఘుమ. స్క్రీన్ చూపించే నెపంతో వంగి, "బావి నీళ్లెట్లున్నయి?" అంది.

"తాగినోనికే ఎరుక," అన్నాడు గానీ నమ్మలేదు. ఈమె రెండు వైపులా జీతం తింటోందేమో! అనుమానం పెనుభూతం అంటారు. తాజుద్దీన్‌కు అన్నం పెట్టే భూతం అదే.

"ఫోన్ లైన్‌కు గీ మోడెం ఎందుకు?"

"సర్వీసింగ్‌కు," అంది గట్టిగా. తర్వాత పెదవులు కదలకుండా, "ఎస్కేప్ కొట్టి చూడు."

కొట్టాడు. ఫామ్‌లో అక్షరాలు చెరిగిపోయాయి. మోడెం లైటు మాత్రం మిణుకుమంది. ఓరి వీడి దుంపతెగ! సేవ్ చేయని రికార్డు కూడా వెర్నర్‌కు పోతోందా? తేల్చుకోవాల్సిందే. మళ్లీ టైప్ చేశాడు. మర్రిగూడ, జన్నత్ బీ చెలకలో బోరు, నీళ్లు తీపి, ఫ్లోరైడ్ లేదు. నీళ్ల మాటంతా అబద్ధం. ఎస్కేప్.

మూడో రోజు వెర్నర్ జీపు మర్రిగూడలో జన్నత్ బీ గుమ్మం ముందే ఆగింది. తాజుద్దీన్ లోపలి అర్రలో నక్కాడు.

"అమ్మగారూ, మీ చెలక మాకు విక్రయించెదరా?" వెర్నర్ తెలుగు పుస్తకాల్లోంచి దిగింది.

"ముందుగాల్ల నీళ్లు తాగు బిడ్డా. ఎండల వడొచ్చినవ్."

ఆ ఊరికొచ్చే ఆఫీసరైనా, చుట్టమైనా నీళ్లు వెంట తెచ్చుకుంటాడు. జన్నత్ బీ మర్యాదకు చెంబు అందిస్తుంది, వాళ్లు మర్యాదగా వద్దంటారు. ఏళ్లుగా అదే తంతు.

"ఇవి మీ బోరు నీళ్లేనా?"

"మా బోరుయే."

వెర్నర్ నవ్వుతూ చెంబు ఎత్తి గటగటా తాగేశాడు. తాజుద్దీన్ వాచీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"జులేఖా! తాగిండు! దొంగ రికార్డు వానికి చేరింది! సంతకం ఆపు!"

గరగర. నల్లగొండలో ఆఫీసర్ పెన్ను మూత తీసే ఉంటాడు. ఆమె ఎవరి మనిషో తేలేది ఇప్పుడే.

"పెన్ను కాయితానికి ఆనింది," వాచీలో జులేఖా గొంతు రొప్పుతోంది. "కాయితం గుంజి చింపేసిన. మోడెం వైరు గూడ పీకిన. ఫికర్ చెయ్యకు. ఏసోబు చెప్పిన ఫాక్స్‌ప్రోనే తీస్కుంటరట."

తాజుద్దీన్ పిస్తోలుతో బయటికొచ్చాడు. "గీ నీళ్లు మంచియని ఎవరు చెప్పిండ్రు వెర్నర్? ఆ రికార్డు నేను సేవ్ చెయ్యలే."

వెర్నర్ చెంబు వైపు చూశాడు.

"అయితే ఇవి..."

"ఫ్లోరైడ్. ఏసోబును చంపిన కథ జీపుల చెప్పుదువు, నడువు."

సంకెళ్లు పడ్డాయి. మెడ తిరగని జన్నత్ బీ ఒళ్లంతా తిప్పి కొడుకు వైపు చూసింది.

"ఇన్నేండ్లకు ఒక్కడు నా చేతి నీళ్లు తాగిండు బేటా. గాయిన్నే పట్టుకపోతున్నవా?"