గుండె గుర్తుపట్టిన ఇల్లు

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్లు దాటగానే, మలుపులో నీలం తలుపు ఇల్లొకటుంది. అమ్మకానికి పెట్టి ఏడాదైనా ఎవరూ కొనలేదు. ఆ ఇంటి కుర్రాడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడనీ, అప్పట్నుంచీ లోపల ఎవరో తిరుగుతున్నారనీ ఇక్కడి మన తెలుగువాళ్ల మాట.

నాకు భయమా? మంచు తుపానులో దెయ్యానికి రైడ్ ఇచ్చి, సీట్‌బెల్ట్ పెట్టుకుంటే గానీ బండి కదిలించనివాణ్ణి!

దైవాశీర్వాదం సంగతి వేరు. మా చర్చిలో పాటలు పాడతాడు, నన్ను బాబాయ్ అంటాడు. నిరుడు వాడికి గుండె మార్చారు. ఎవరిదో చెప్పలేదు. "నరాలు తెగాయి కాబట్టి, మీరు భయపడ్డా ఈ గుండె వెంటనే ఉలిక్కిపడదు" అన్నాడట డాక్టర్. నిజమే. ఓసారి మా కారుకి జింక అడ్డొస్తే నా గుండె గుభేల్మంది. వాడిది తాపీగా కొట్టుకుంది!

అలాంటిది... ఆ నీలం తలుపు కనపడితే చాలు — దడదడ.

"బాబాయ్..." అన్నాడు గుసగుసగా, "ఈ గుండె జ్ఞాపకాలొచ్చి నన్ను బయటికి తోసేస్తే?"

"నేనుండగా నిన్నెవడు తోస్తాడ్రా? పద!"

డిసెంబర్ ఆదివారం. కొనేవాళ్లు లోపలికొచ్చి చూసుకోడానికి ఆ ఇంట్లో ఓపెన్ హౌస్ పెట్టారు. సాయంత్రం ఐదుకే చీకటి. వాడి భార్య వసంతకుమారి డ్రైవ్ చేసింది. "నేను దిగను బాబాయ్ గారూ, ఇక్కడే ప్రార్థన చేసుకుంటా" అంది.

మన అలవాటు కదా — గుమ్మంలో వంగి బూట్లు విప్పాను. తలెత్తేసరికి... వాడు లేడు. బూట్లతోనే లోపలికి నడిచిపోయాడు. ఎవరింటికెళ్లినా అందరికంటే ముందు బూట్లు విప్పే మనిషి!

ఇల్లమ్మే ఏజెంట్ పై అంతస్తులో లైట్లు ఆర్పుతోంది. కింద హాలంతా చీకటి. నేను స్విచ్ కోసం గోడలు తడుముతున్నా... వాడు తిన్నగా వెళ్లి, మెట్ల కింద చెయ్యి పెట్టాడు. లైటు వెలిగింది.

"అక్కడుందని... నీకెలా తెలుసురా?"

నా అరచెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. దడ లేదు... నిద్రపోయే పసిపిల్లంత నెమ్మది.

వాణ్ణి గుమ్మం బయటికి లాగాను. దడదడ! లోపలికి అడుగేశాడు... నెమ్మది.

దెయ్యానికి సీట్‌బెల్ట్ పెట్టించిన నేనే — బూట్లు అందుకున్నా.

బయట హారన్. "ఏవండీ, ఇంటికి పోదాం, రండి!"

వాడు కదల్లేదు.

"ఈ గుండె ఇంటికొచ్చేసింది బాబాయ్... మరి నేనెక్కడికి పోవాలి?"