మెలకువ డ్యూటీ

అయినా నవ్వడం కూడా ఆమె డ్యూటీలో భాగమే కదా అని అతను మళ్ళీ సర్దిచెప్పుకున్నాడు. ఆసుపత్రి నిద్ర ల్యాబ్‌లో ఇవాళ పగటి కునుకుల పరీక్ష. రోగిని రెండు గంటలకోసారి పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపడుతుందో చూస్తారు. మధ్యలో మాత్రం రెప్ప వాల్చనివ్వకూడదు. వాల్చాడా, రోజంతా పడ్డ శ్రమ వృథా. అందుకే టెక్నీషియన్ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. రూలే అది. కానీ అంత ఒళ్ళు మరిచి నవ్వమని ఏ రూల్లో ఉంది?

గాజు కిటికీకి ఇవతల కూర్చుని రోగుల మెదడు తరంగాలు చదవడం అతని పని. కిటికీకి అవతల ఆమె. ఆమె ఎదురుగా తలనిండా వైర్లతో ఒక బస్సు డ్రైవరు. వైర్లు అతికించినా అందంగా కనిపించే మనిషిని ఈ ఉద్యోగంలో అతను మొదటిసారి చూస్తున్నాడు. అసలు బాధ అదే.

అసూయ గురించి అతనికి తెలియక కాదు. పుస్తకాలు చాలానే చదివాడు. చదువుకున్నవాడి అసూయ కూడా కడుపులో అలాగే మండుతుంది. ఇద్దరూ రెండేళ్ళుగా పక్కపక్కనే పనిచేస్తున్నా ఆమెతో పని మాట తప్ప మనసులో మాట ఒక్కటీ అనలేకపోయాడు. ఆ డ్రైవరేమో ఒక్క పూటలో...

తలుపు తెరుచుకుంది.

"నేను తినేసి వస్తా. ఆయన్ని కాస్త చూసుకో. నిద్రపోనివ్వకు, మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవచ్చో లేదో ఇవాళే తేలాలి పాపం."

"నీ అంత బాగా కబుర్లు చెప్పడం నాకు రాదు."

"ఏంటి, ముఖం అలా మాడ్చుకున్నావ్?"

"నా ముఖమే అంత."

"అబద్ధం. పొద్దున బాగానే ఉంది," అంటూ వెళ్ళిపోయింది.

అతను లోపలికి వెళ్ళగానే డ్రైవరు ముఖం వాడిపోయింది. "మేడం లేరా సార్?"

ఆమెకన్నా బాగా మాట్లాడి చూపించాలనుకున్నాడు అతను. తీరా నోరు తెరిస్తే నిద్రలో ఏ దశ తర్వాత ఏ దశ వస్తుందో చెప్పడం మొదలైంది. రెండో దశకి వచ్చేసరికి డ్రైవరు తల ఒక పక్కకి ఒరిగింది.

ఒరగనీ. పరీక్ష పాడైతే ఇంటికి పోతాడు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసి అతనికే భయమేసింది. పైగా పాడైతే వాడు మళ్ళీ రావాలి, ఆమె మళ్ళీ నవ్వాలి!

"ఏవండీ, లేవండి!" భుజం పట్టి కుదిపాడు.

డ్రైవరు ఉలిక్కిపడి కళ్ళు నులుముకున్నాడు. "ఏమనుకోకండి సార్, మీ గొంతు జోలపాటలా ఉంది."

"మరి మేడం ఏం చెబుతారు మీకు?"

"ఇంకేముంది, మీ గురించే."

"నా గురించా?"

"తుమ్మితే కంప్యూటర్‌కి సారీ చెబుతారటగా? చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి అటూ ఇటూ పెడతారట!"

అతను గబుక్కున చొక్కా చూసుకున్నాడు. నిజమే. ఆ నవ్వులన్నీ తన మీదేనా? పొద్దుటినుంచి తన మీద తనే కుళ్ళుకుంటున్నాడా?

"నవ్వీ నవ్వీ చివరికి ఒకటే అంటారు సార్. 'అడగడు, చచ్చినా అడగడు' అని."

"ఏమని అడగాలట?"

"అదీ నేనే చెప్పాలా సార్? నాకు నిద్ర మొత్తం వదిలిపోయింది. మీకూ వదిలినట్టుందే!"

అంతలో ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "హమ్మయ్య, మెలకువగానే ఉన్నారు. ఇక నువ్వెళ్ళు."

అతను తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తీసేసి వెనక్కి తిరిగాడు.

"సాయంత్రం డ్యూటీ అయ్యాక నాతో వస్తావా?"

డ్రైవరు కళ్ళు ఇంతింత చేసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"అంతదాకా ఆలోచించలేదు. ముందు అడిగేశాను."