మన్నాన్ బిగించిన పిడి

అలియాబాద్ పొలిమేరలో ఉన్న సరాయి, ఒకప్పుడు బాటసారులు దిగిన పాడుబడ్డ సత్రం, పేరెత్తితే పట్టపగలు కూడా జనం మాట మార్చేవారట. అక్కడ జుట్టు విరబోసుకున్న ఆకారాలేమీ కనిపించవు. ఒక ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది... అంతే. పొద్దుగూకాక ఆమె ఇళ్ళకొచ్చి పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే వెంట నడవాల్సిందేననీ కూడా చెప్పుకునేవారు.

యుద్ధం రోజులవి. అల్వాల్‌లో రేడియోలు బాగుచేసే మన్నాన్, ఒక రేడియోను ఎడ్లబండిలో వేసుకుని ఆ దారినే వస్తున్నాడు. అది అలియాబాద్ కనీజ్‌బీది. ఆమె కొడుకు ముర్తుజా బర్మా వైపు పోయిన సిపాయి. రేడియోలో వచ్చే ‘సిపాయిల కబుర్లు’ కార్యక్రమంలో ఆ సాయంత్రం అతని గొంతు వస్తుందని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే రేడియోకు తిప్పే స్విచ్చి చెడింది! లోపలి ఇత్తడి నాలుక విరిగితే, పాత తాళం రేకు కత్తిరించి మన్నాన్ కొత్తది అతికించాడు. రేడియో పలికింది. ఆ సంబరంలో పైన పిడి గబగబా బిగించి, ఊరు చేరగానే మోగాలని బ్యాటరీ తీగలు కూడా విప్పకుండా బండెక్కించాడు.

సరాయి దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. తడిమి చూస్తే పిడి ‘చాలూ’ వైపు, అంటే రేడియో మోగే వైపు, ఉంది. కుదుపులకు తిరిగిందనుకుని, మన్నాన్ దాన్ని ‘బంద్’ వైపు తిప్పాడు.

కాసేపటికి... వెనక నుంచి నవ్వు. ఆడమనిషి నవ్వు!

“సాబ్... నవ్వింది నువ్వేనా?” బండి తోలే గండయ్య గుసగుసగా అడిగాడు.

“నా గొంతు గట్లుంటదా గండయ్యా?”

“ఎవరది? ఆగు!” అంది ఆ గొంతు.

ఆగుతారా మరి! గండయ్య తుమ్మచెట్ల వైపు, మన్నాన్ చెప్పులొదిలేసి గుంటలోకి. దూకాక గుర్తొచ్చింది — రేడియో బండిలోనే ఉంది. ఈ పూట తప్పితే ఆ తల్లి కొడుకు గొంతు మళ్ళీ ఎప్పుడు వింటుందో, అసలు వింటుందో లేదో! మన్నాన్‌కు ఏడుపొచ్చింది. దువా చదువుకుంటూ, పాకుతూ బండి దగ్గరికెళ్ళాడు.

రేడియో వెలుగుతోంది! ఏదో నాటకం అయిపోయి, “ఇక సిపాయిల కబుర్లు” అంటోంది.

మన్నాన్ నెత్తి కొట్టుకున్నాడు. పిడిని తిరగేసి బిగించాడు మహానుభావుడు! బంద్ ఉండాల్సిన చోట చాలూ, చాలూ ఉండాల్సిన చోట బంద్. లోపల వేడెక్కి పలకడానికి కాస్త సమయం పట్టింది, అంతే.

“గండయ్యా, రా! దయ్యం గాదు, నా పనితనం!” అంటూ పడీపడీ నవ్వాడు.

గండయ్య తిరిగొచ్చి ఎడ్లను అదిలించబోతుంటే ఊరి వైపు నుంచి కనీజ్‌బీ పరుగున వచ్చింది. అప్పుడే రేడియోలోంచి — “అమ్మీ... నేను ముర్తుజాని. మంచిగున్న. ఏడ్వకు.”

ఆమె ఆ పెట్టెను రెండు చేతులా వాటేసుకుని ఏడ్చింది. ఆ వెంటనే నవ్వింది. ముగ్గురూ నవ్వారు.

“మంచి టైముకొచ్చినవ్ ఆపా. మేమిక్కడున్నమని ఎట్ల ఎర్కైంది?” అన్నాడు మన్నాన్.

“మనిషిని తోలింది మీరే గదా! మగ్రిబ్ నమాజ్ కాంగనే ఒకామె పేరు పెట్టి పిలిచింది. ‘నీ కొడుకు సరాయి కాడ మాట్లాడ్తడు, జల్దీ రా’ అన్నది. గీడిదాంక నా ముంగటనే నవ్వుకుంట నడిచింది...”

మళ్ళీ అదే ఆడమనిషి నవ్వు వినిపించింది. గండయ్య మన్నాన్ వైపు చూశాడు. మన్నాన్ రేడియో ఆపడానికి పిడిని ‘చాలూ’ వైపు తిప్పాడు.

రేడియో ఆగిపోయింది.

నవ్వు... ఆగలేదు.