తామన్ కెంబోజా ప్రీమియం

“మీకు కారు నడపడం వచ్చా?”

రెన్యూవల్ నోటీసును కౌంటర్ మీద పెట్టి ఆ అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

మలేషియాలోని క్లాంగ్‌లో ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో నా ఉద్యోగం. కార్ల ప్రీమియం రేట్లు నిర్ణయించే విభాగంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కౌంటర్‌లో ఉండే మనిషి సెలవు పెట్టడంతో ఆ పూట నన్ను అక్కడ కూర్చోబెట్టారు.

“రాదు,” అన్నాను. అప్పటికప్పుడు అబద్ధం తోచలేదు.

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“బాగుంది! నడపడం రాని ఆయన నా డ్రైవింగ్‌కి రేటు కడతారన్నమాట.”

ఆమె పేరు సురయా. డ్రైవింగ్ స్కూల్లో టీచరు. తొమ్మిదేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు. ఏడాదిలో రెండుసార్లు గుద్దేసిన వాళ్ల కజిన్ కంటే ఆమెకే ప్రీమియం ఎక్కువ.

“తప్పు మీది కాదు మిస్ సురయా, మీ ఏరియాది. తామన్ కెంబోజాలో కార్ల దొంగతనాలు ఎక్కువ.”

“ఇరవై ఏడేళ్లుగా అక్కడే ఉంటున్నా. మా ఫ్లాట్ల దగ్గర పోయినవి చెప్పులు మాత్రమే. అవీ మసీదు మెట్ల దగ్గర.”

“కంప్యూటర్ అలా చూపిస్తోంది మరి.”

“అయితే దాన్ని ఒకసారి మా పేటకి తీసుకురండి. టీ ఇస్తాం.”

నోటీసు లాక్కుని, గొడుగు కూడా లేకుండా వానలోకి వెళ్లిపోయింది. అద్దాల తలుపు మూసుకున్నా నేను అటే చూస్తూ ఉండిపోయాను. తర్వాతి మనిషి బల్ల మీద తట్టాల్సి వచ్చింది.

ఆ శనివారమే వాళ్ల డ్రైవింగ్ స్కూల్లో చేరాను. కారు నేర్చుకోవడానికని ఇంట్లో చెప్పాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను.

“ఎన్‌చిక్ హైకల్,” అంది సురయా మొదటి క్లాసులో, నన్ను ‘గారు’ అని మన్నిస్తూనే. “ఆ క్లచ్ మీద అంత కోపమెందుకు? అదేం ప్రీమియం తగ్గించమని అడగలేదే!”

“మీరు పక్కన కూర్చుంటే కాలు వణుకుతోంది.”

“వెనక కూర్చుంటే ఇద్దరం ఆస్పత్రికే.”

నాలుగో శనివారం వాన జోరుగా పడుతోంది. వాళ్ల పేట మీదుగా వెళుతుంటే ఏటి గట్టున ఓ రేకుల కంచె ముందు కారు ఆపేశాను. ఆపడం కాదు, అదే ఆగిపోయింది. కంచె లోపల చక్రాలు లేని కార్లు, సీట్లు లేని కార్లు వరుసగా ఉన్నాయి.

“ఇవన్నీ ఎవరివి?”

“దొంగలు ఎక్కడెక్కడో ఎత్తుకెళ్లి, సామాన్లు ఊడదీసుకుని వదిలేసినవి. దొరికాక మీ కంపెనీలే లారీల మీద తెచ్చి ఈ యార్డులో పెడతాయి. ఆ మాత్రం తెలీదా?”

తెలీదు. దిగి, తడుస్తూ కంచె సందుల్లోంచి అద్దాల మీది చీటీలు చదివాను. షా ఆలం, సుబాంగ్, కౌలాలంపూర్. ‘కారు పోయిన ఊరు’ అన్నచోట ఒక్కదాని మీదా తామన్ కెంబోజా లేదు.

“ఏమైంది?” అంటూ గొడుగు పట్టుకుని వచ్చింది సురయా. ఒక్క గొడుగు, ఇద్దరం. చదివిన చీటీలే మళ్లీ చదువుతూ అక్కడే నిలబడ్డాను. సగం చీటీల వల్లే.

సోమవారం పాత ఫైళ్లు తిరగేశాను. కారు ఎక్కడ పోయింది అనే గడిలో, దాన్ని తనిఖీ చేసిన యార్డు చిరునామా రాసి ఉంది. మూడేళ్లలో ఆ పేట పేరిట రెండొందల పన్నెండు దొంగతనాలు. నిజంగా అక్కడ జరిగినవి నాలుగు.

కాగితాలన్నీ మా మేడమ్ పువాన్ నోరిజా ముందు పెట్టాను. ఆవిడ మొత్తం చదివి, కళ్లజోడు తీసింది.

“ఆ పేటలో నీకెవరైనా ఉన్నారా?”

“ఉన్నారు మేడమ్. ఆమెకింకా తెలీదు.”

“అయితే ఈ ఫైలు తేలేదాకా ఆమెతో మాట్లాడకు. ప్రేమ కోసం రేటు తగ్గించాడని రేపెవరూ అనకూడదు. లెక్క వేరేవాళ్లతో మళ్లీ తనిఖీ చేయిస్తాను.”

క్లాసులు మానేశాను. సురయా నుంచి మెసేజ్ వచ్చింది: ‘ఈ శనివారం రారా?’ తర్వాత వారం: ‘టెస్టంటే భయమా?’ ఆ పై వారం: ‘అర్థమైంది. మీ కంప్యూటరే గొప్ప.’ జవాబు టైప్ చేయడం, చెరిపేయడం. ఏడు వారాలు అదే పని.

చివరికి కంపెనీ పెద్దల మీటింగు జరిగింది.

“తగ్గించమని ఎవరడిగారయ్యా?” అన్నాడు జనరల్ మేనేజర్.

“ఒకావిడ అడిగారు సార్. క్యూ మొత్తం వినేలా.”

“ఇది సరిచేస్తే, కార్లు నిజంగా పోతున్న ఏరియాల్లో పెరుగుతుంది. వాళ్లు ఊరుకుంటారా?”

“అందులో మా వీధి కూడా ఉంది సార్. మా నాన్న కారుకే పెరుగుతుంది. రాత్రే చెప్పాను. బాగా తిట్టారు. తిట్టి, న్యాయమేలే అన్నారు.”

గదిలో ముందు నవ్వింది జనరల్ మేనేజరే. సంతకం పెట్టింది కూడా.

ఆదివారం తామన్ కెంబోజా కమ్యూనిటీ హాలు కిక్కిరిసింది. ప్రీమియం తగ్గిస్తున్నామనీ, మూడేళ్లుగా ఎక్కువ కట్టించుకున్నది తిరిగి ఇచ్చేస్తామనీ పువాన్ నోరిజా మైకులో చెప్పింది. “పొరపాటు మాది. మమ్మల్ని క్షమించండి. దాన్ని పట్టుకున్నది ఇతను,” అని నన్ను ముందుకు నెట్టింది. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. ఓ టాక్సీ తాత నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు.

సురయా మాత్రం వాకిట్లో, వాళ్లమ్మ అరటిపండు బజ్జీల బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

“ఏడు వారాలు! ఒక్క మెసేజ్ పెడితే వేళ్లరిగిపోతాయా?”

“ఫైలు తేలేదాకా మాట్లాడకూడదని మా మేడమ్ ఆర్డర్.”

“పేటవాళ్లతోనా?”

“కాదు. నేను ప్రేమిస్తున్న అమ్మాయితో.”

ఆమె చేతులు విడిపోయాయి. ముఖం తిప్పుకుంది కానీ చెవులు ఎర్రబడటం దాచలేకపోయింది.

“ఏదో ఒకటి చెప్పవే, ఇక్కడ బజ్జీలు మాడుతున్నాయి!” అంది వాళ్లమ్మ మక్‌చిక్ రోస్నా. నా చేతిలో వేడి పొట్లం పెట్టి, “వచ్చేవారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ. ఈ పేటలో నిన్ను కాదనేవాళ్లెవరో నేనూ చూస్తా,” అంది.

టపటపా చినుకులు మొదలయ్యాయి.

“అబాంగ్, తడుస్తారు. లోపలికి రండి,” అంది సురయా మెల్లగా.

మా దగ్గర ఆడపిల్లలు అన్నయ్యనీ అలాగే పిలుస్తారు, మనసిచ్చినవాడినీ అలాగే పిలుస్తారు.

“ఏ... ఏ అబాంగ్?”

“అన్నలు నాకు ఇప్పటికే ఇద్దరున్నారు,” అంది నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూ. “మూడోవాడితో నాకేం పని?”